నీ నాటకం చదివాను, రమ్యా

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి రమ్యకు మామయ్య ఆశీస్సులు.

మిర్చి రైతు ఇంటి కథ ఎంచుకున్నందుకు సంతోషించాను. మన యార్డు పక్కనే పెరిగినవాళ్లు కూడా నాటకం రాయమంటే ఎక్కడివో జమీందారు మేడలు తెచ్చి పెడుతుంటారు. అయితే మొదటి నాలుగు పేజీలు కొట్టెయ్యి. అరుగు మీద ఇద్దరు పొరుగువాళ్లు రాఘవయ్యకు ఎన్ని ఎకరాలున్నాయో, కూతురు ఏం చదువుతోందో, కొడుకు ఎలా చెడిపోయాడో చెప్పుకుంటున్నారు. ఇద్దరికీ తెలిసిన సంగతులు ఒకరికొకరు ఎందుకు చెప్పుకుంటున్నట్టు? హాల్లో కూర్చున్నవాడికి అది ఇట్టే తెలిసిపోతుంది.

నీ నాటకం ఏడో పేజీలో, కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చికి ఇచ్చే రసీదు, అదే బాండు, దాని దగ్గర మొదలవుతోంది. ధర పెరిగేదాకా సరుకు తీయనంటాడు తండ్రి. సోమవారం లోపు కూతురి ఫీజు కట్టాలి. కొడుకేమో ఆ బాండు కమీషన్ వ్యాపారి దగ్గర తాకట్టు పెట్టి డబ్బు వాడేసుకున్నాడు. ఒకరి పని జరిగితే ఇంకొకరి పని చెడుతుంది. సంఘర్షణ అంటే ఇదే. రెండో రంగంలో అందరి చేతా అరిపించావు గానీ, ఎవరూ ఎవరి దారికీ అడ్డం రాలేదు.

తెర లేవగానే కొడుకు ఖాళీ పెట్టెకు తాళం వేస్తూ కనిపించనీ. మాట అక్కర్లేదు. ఆ తరువాత తండ్రి "బాండు పెట్టెలో ఉంది, తొందరేముంది" అన్న ప్రతిసారీ జనం ఊపిరి బిగబడతారు. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిస్తే రచయితకు సగం శ్రమ తగ్గుతుంది.

బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాల కోసమే నిలిచిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. కాటికాపరి హరిశ్చంద్రుడనీ, బిడ్డ శవంతో వచ్చినావిడ చంద్రమతి అనీ మనకు తెలుసు, వాళ్లిద్దరికీ తెలియదు. అతను కాటిసుంకం అడుగుతాడు, ఆమె దగ్గర చిల్లిగవ్వ లేదు. మెడలో మంగళసూత్రం ఉంది కదా, అది అమ్మి కట్టమంటాడు. భర్తకు తప్ప ఇంకెవరికీ కనిపించని సూత్రం అది! ఒక్క వస్తువుతో కథ తలకిందులైంది. అసలు దెబ్బ ఆ తరువాత ఉంది: తన భార్యే అని తెలిశాక కూడా అతను సుంకం వదలలేడు. ఆ కట్టడి లేకపోతే ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్లు, మనం ఇళ్లకు పోయేవాళ్లం. నీ బాండుకు అంత బలం ఉంది. కొడుకు చేత నిజం ఒప్పించి కాళ్ల మీద పడేయకు. తండ్రే స్వయంగా పెట్టె తెరవాలి, అదీ కూతురి కోసం పట్టుదల చంపుకుని అమ్మడానికి సిద్ధపడ్డ క్షణాన.

శాస్త్రం అడిగావు కాబట్టి రెండు ముక్కలు. భరతుడు ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని అయిదు సంధులు, అంటే కథ నడకలో అయిదు దశలు చెప్పాడు. అరిస్టాటిల్ ఆరు అంగాలు చెప్పి ఇతివృత్తాన్ని ముందు పెట్టాడు, తరువాత పాత్ర, భావం, భాష, సంగీతం. రంగాలంకరణను చివరికి నెట్టాడు. 1885 నుంచి మాయలూ మంత్రాలూ వేదిక మీద చూపిస్తున్న మన సురభి వాళ్లు ఈ వరసకు నవ్వుకుంటారేమో! ఈ పేర్లు రాసేటప్పుడు ముందు పెట్టుకోకు. రాయడం అయ్యాక, ఎక్కడో కథ నడవటం లేదనిపిస్తే అప్పుడు తీసి చూడు.

సంభాషణల మాటకొస్తే, ప్రతి మాటా ఎదుటివాడి చేత ఏదో ఒకటి చేయించాలి: ఒప్పించడమో, దాటవేయడమో, గుచ్చడమో. చివర్లో రాఘవయ్య రైతు గొప్పతనం మీద చేసే ప్రసంగం ఏ పనీ చేయడం లేదు. నాటక పరిషత్తుల పోటీల్లో ఇలాంటి వాటికి చప్పట్లు పడతాయి, నిజమే. ఆ చప్పట్లు వక్తకు, రాఘవయ్యకు కావు. తీసెయ్యి. పెట్టె తెరిచాక తండ్రి ఎంతసేపు మాట్లాడకుండా ఉండగలడో మీ నటుడితో చూడు.

క్షేత్రయ్య కళాక్షేత్రంలో ఆడేముందు ఒకసారి చివరి వరసలో కూర్చుని విను. మైకు అరిచిన మాటనైనా మోస్తుంది గానీ మింగేసిన చివరి అక్షరాన్ని మోయలేదు. పెట్టెను వేదికకు ఓ పక్కన, అందరికీ కనిపించేలా ఉంచండి. దాని ముందు ఎవరూ నిలబడకూడదు.

మార్చిన ప్రతి నాకు పంపనక్కర్లేదు. శనివారం బస్సెక్కి బెజవాడ వస్తున్నాను, మీ పిల్లలు నాటకం ఆడుతుంటే చూస్తాను. మీ అమ్మకు చెప్పు, రాత్రి భోజనం అక్కడే.

మీ మామయ్య