భార్యకు భర్త కిడ్నీ: బ్లడ్ గ్రూపు కలిసినా డాక్టర్లు ఎందుకు వద్దంటున్నారు?

మీ ప్రశ్న చూడగానే మా బావ గుర్తొచ్చాడు. మాది ఒడిశాలో పర్లాకిమిడి. అక్కకి డయాలసిస్ మొదలవగానే బావ తన కిడ్నీ ఇస్తానన్నాడు, ఇద్దరిదీ ఒకటే గ్రూపు. 2018లో విశాఖలో టెస్టులు చేయించాం. క్రాస్‌మ్యాచ్ రిపోర్టులో పాజిటివ్ అని కనపడగానే బావ నా భుజం తట్టి క్యాంటీన్లో అందరికీ టీ చెప్పేశాడు. అప్పటికింకా కరోనా రాలేదు, పాజిటివ్ అంటే మంచిదే అనుకున్నాం. టీ చల్లారకముందే పైకి పిలిచారు.

ఆ టెస్టులో బావ తెల్లరక్తకణాలను అక్క సీరంలో, అంటే రక్తంలోని ద్రవంలో, కలిపితే చచ్చిపోయాయట, పాజిటివ్ అంటే అదన్నమాట. అంటే వాటిని చంపే యాంటీబాడీలు అక్క ఒంట్లో ముందే తయారుగా ఉన్నాయి, ఆ కిడ్నీ పెడితే ఆపరేషన్ బల్ల మీదే పాడైపోవచ్చు. "పిల్లలెంతమందమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. ముగ్గురు. కడుపులో బిడ్డ కణాల మీద గుర్తుల్లో సగం తండ్రి నుంచి వచ్చినవే కదా, ఒక్కోసారి తల్లి ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపెట్టుకుంటుందట. "రక్తం ఎన్నిసార్లు ఎక్కించారు?" ఐదుసార్లు. ఎక్కించిన రక్తంలోని పరాయి తెల్లకణాలకీ అలాగే యాంటీబాడీలు పుట్టొచ్చట. అందులో ఒక సంచీ నాదే, ఇచ్చొచ్చి ఫ్రూటీ తాగుతూ ఎంత గొప్పగా ఫీలయ్యానో!

నన్నడిగితే సగం పాపం ఆ రక్తం సంచీలదే. మా వైపు నీరసమంటే చాలు, ఒక బాటిల్ ఎక్కించెయ్యండి అంటారు, ఎక్కించేవాళ్లూ ఎందుకని అడగరు. ఒంట్లో రక్తం పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్, ఐరన్‌తో నెట్టుకురాగలిగితే అదే మేలు. ప్రాణం మీదికొస్తే ఎక్కించాల్సిందే, అప్పుడు తెల్లకణాలు వడకట్టిన రక్తం అడగండి. దాంతో రిస్కు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

ప్లాస్మా మార్చి, మందులిచ్చి యాంటీబాడీలు తగ్గించే పద్ధతి ఉంది. మాకా ఖర్చు వినగానే కాళ్లాడలేదు. చివరికి స్వాప్‌కి వెళ్లాం: మాలాగే జత కుదరని ఇంకో దంపతులతో మార్పిడి, 2011 చట్టసవరణతో దీనికి అనుమతి వచ్చింది. కాకపోతే కాగితాలు! మావన్నీ ఒడియాలో ఉన్నాయి, ప్రతిదీ ఇంగ్లీషులో రాయించి నోటరీ చేయించేసరికి రెండు నెలలు, ఆలోగా వారానికి మూడు డయాలసిస్‌లు. పోనీ ఆరోగ్యశ్రీ అంటే, రేషన్ కార్డు ఒడిశాది, కుదరదన్నారు.

ఇప్పుడు మా బావ కిడ్నీ టెక్కలి దగ్గర ఒకావిడ దగ్గరుంది. సంక్రాంతికి ఆవిడ ఫోన్ చేస్తే బావ ముందు అడిగేది క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంతుందనే.

మీ ఆవిడకి ఎంతమంది పిల్లలు, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో రాయండి.