బాగున్నప్పుడు కూడా ఇన్‌హేలర్ పీల్చాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. నలభై ఏళ్లు బీడీలు కాల్చి, మూడేళ్ల కిందట మానేశారు. సీఓపీడీ (ఊపిరిగొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) అని చెప్పి డాక్టరుగారు రెండు ఇన్‌హేలర్లు రాశారు. నీలం రంగు పంపును మాత్రం జేబులోంచి తియ్యరు. రోజూ పొద్దున పీల్చమన్న టయోట్రోపియం పది రోజులు వాడి ‘దీంతో నాకేమీ తెలియట్లేదు’ అని పక్కన పడేశారు. ఆయాసం ముదిరితే మళ్లీ ఆస్పత్రికి పరుగు. ఎంత చెప్పినా వినరు.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ నాన్నగారు చెప్పింది అబద్ధం కాదు. పంపులోని సాల్‌బుటమాల్ ఐదు నిమిషాల్లో ఊపిరిగొట్టాలను వదులు చేస్తుంది. ఆ తేడా మనిషికి అప్పటికప్పుడే తెలుస్తుంది. కానీ నాలుగు నుంచి ఆరు గంటలకు దాని పని అయిపోతుంది. టయోట్రోపియం పద్ధతి వేరు. మెల్లగా మొదలై 24 గంటలు గొట్టాలను తెరిచి ఉంచుతుంది. పీల్చగానే ‘హమ్మయ్య’ అనిపించదు. అది చేసే మేలు, రావాల్సిన ఆయాసం రాకపోవడం. రాని దాన్ని ఎవరూ లెక్కపెట్టరు కదా! అందుకే రోజూ వాడాల్సింది మూలన పడుతుంది, అవసరానికి వాడాల్సింది రోజుకు పదిసార్లు నోట్లోకి వెళ్తుంది. ఇది మీ ఇంటి సంగతే కాదు, సీఓపీడీ ఉన్న చాలా ఇళ్లలో ఇంతే.

కాబట్టి ‘వాడండి’ అని పోరు పెట్టే బదులు ఆయనకు కనపడే లెక్క ఒకటి పెట్టండి. గోడ క్యాలెండరు మీద రోజూ రెండే అంకెలు: నీలం పంపు ఎన్నిసార్లు కొట్టారు, రాత్రి ఆయాసంతో ఎన్నిసార్లు లేచారు. టయోట్రోపియం 18 మైక్రోగ్రాముల క్యాప్సూల్ రోజుకు ఒకటి చొప్పున నాలుగు వారాలు తప్పకుండా పీల్పించి, మొదటి వారాన్నీ నాలుగో వారాన్నీ పక్కపక్కన చూపించండి. తగ్గితే ఆయనే వాడతారు. తగ్గకపోతే ఆ క్యాలెండరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, మందు మార్చడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.

ఇంకొకటి గుచ్చి అడగాలి, అదీ మీరు కాకుండా ఇంట్లో మగవాళ్లెవరైనా అడిగితే మంచిది. టయోట్రోపియంతో నోరు ఎండిపోతుంది. ప్రోస్టేట్ పెరిగిన వాళ్లకు మూత్రం ఆగి ఆగి రావడం, అసలు రాకపోవడం కూడా ఉంటుంది. కూతురితో చెప్పుకోలేక ‘పనిచేయట్లేదు’ అనేసి మందు ఆపేసే పెద్దవాళ్లు ఉన్నారు. కారణం అదే అయితే వాడమని ఒత్తిడి చేయకండి, డాక్టరుకు చెప్పి వేరే రకం రాయించుకోండి.

క్రమం తప్పకుండా వాడితే ఒరిగేదేమిటని ఆయన అడగొచ్చు. ఆరు వేల పైచిలుకు సీఓపీడీ రోగులను మూడేళ్లు గమనించిన ‘టార్చ్’ పరిశోధనలో, రాసిన మందులో 80 శాతానికి పైగా వాడినవారిలో 11.3 శాతం మంది చనిపోతే, అంతకన్నా తక్కువ వాడినవారిలో 26.4 శాతం మంది చనిపోయారు. అయితే ఎవరికి ఏ మందు ఇచ్చారన్న దానితో నిమిత్తం లేకుండా ఈ తేడా కనిపించింది. కనుక ఇదంతా మందు గొప్పే అనడానికి లేదు. మందు వేళకు పీల్చే మనిషి నడక, తిండి, పొగ మానడం దగ్గర కూడా జాగ్రత్తగానే ఉంటాడు. అంత పెద్ద తేడాలో మందు వాటా ఎంతైనా, దాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు.

ప్రశ్న: మా అత్తగారికి 70 ఏళ్లు. బీడీ, చుట్ట ఏదీ లేదు, జీవితమంతా కట్టెల పొయ్యి. రోటాహేలర్ (క్యాప్సూల్‌లోని పొడి మందును పీల్చే పరికరం) ఇచ్చారు. పొడి గొంతులోనే ఆగిపోతోందని, దగ్గు వస్తోందని అంటారు. రెండు నెలలుగా ఏమాత్రం గుణం లేదు. మందు మార్పించమంటారా?
– ఓ పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మందు మార్చేముందు ఆమె పీల్చే తీరు ఒకసారి ఎదురుగా కూర్చుని చూడండి. ఇన్‌హేలర్ వాడకంపై 1975 నుంచి 2014 వరకు వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, పూర్తిగా సరిగ్గా పీల్చేవారు 31 శాతమే. నలభై ఏళ్లలో ఆ అంకె మెరుగుపడలేదు. పరికరం చేతికిచ్చి ‘ఇలా పీల్చుకో అమ్మా’ అని అర నిమిషంలో పంపించేస్తే ఎవరికైనా అంతే వస్తుంది.

ముందుగా, క్యాప్సూల్‌ను ఆమె మంచినీళ్లతో మింగేయట్లేదని ఖాయం చేసుకోండి. నవ్వొచ్చే మాట కాదు, తరచుగా జరిగేదే. చూడ్డానికి అది మామూలు గొట్టం మాత్రలాగే ఉంటుంది, పైగా మిగతా మాత్రల డబ్బాలోనే పెడతాం.

రోటాహేలర్‌ను నిలువుగా పట్టుకుని, పైనున్న చదరపు రంధ్రంలో క్యాప్సూల్ పారదర్శకంగా ఉన్న కొస కిందికి వచ్చేలా, పైభాగం రంధ్రం అంచుతో సమానమయ్యే వరకు నొక్కాలి. అడుగు భాగాన్ని ఆగేదాకా తిప్పితే క్యాప్సూల్ రెండుగా విడిపోయి పొడి లోపల రాలుతుంది. ఇప్పుడు పరికరాన్ని పక్కకు జరిపి ఊపిరంతా బయటకు వదలాలి. పరికరంలోకి వదిలితే నోటి తేమకు పొడి ముద్ద కడుతుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. తర్వాత పెదాలు బిగించి, తల కొద్దిగా పైకెత్తి, మొదటి క్షణం నుంచే వేగంగా, బలంగా, లోతుగా పీల్చాలి. పది సెకన్లు, కనీసం ఓర్చుకోగలిగినంత సేపు ఊపిరి బిగబట్టాలి. విప్పి చూస్తే పొడి మిగిలి ఉందా, మళ్లీ పీల్చాలి.

మెల్లగా పీల్చినందువల్లే పొడి గొంతులో ఆగుతుంది. పంపుకు ఇది పూర్తిగా తిరగబడుతుంది. దాన్ని బాగా ఊపి, ఊపిరి వదిలి, నిదానంగా పీల్చడం మొదలుపెట్టిన వెంటనే డబ్బా నొక్కి, నాలుగైదు సెకన్లు పీలుస్తూనే ఉండాలి. పంపును గబుక్కున, పొడిని మెల్లగా పీల్చేవారికి రెండూ పనిచేయవు. ఒకే మనిషికి ఈ రెండు రకాలూ రాసే డాక్టర్ల మీద మాకు ఫిర్యాదు ఉంది. వీలైనంతవరకు రెండు మందులూ ఒకే రకం పరికరంలో అడగండి.

70 ఏళ్ల మనిషికి, అందులోనూ ఆయాసంలో ఉన్నప్పుడు, పొడిని లాగేంత దమ్ము ఉండకపోవచ్చు. అప్పుడు పంపు, దానికి స్పేసర్ తగిలించి వాడటమే దారి. స్పేసర్ అంటే ఖాళీ ప్లాస్టిక్ గది. ఒక పఫ్ కొట్టి ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు, నొక్కడం పీల్చడం ఒకేసారి కుదరక్కర్లేదు. రెండు పఫ్‌లు కలిపి కొట్టకూడదు, విడివిడిగా కొట్టాలి. వారానికోసారి సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

క్యాప్సూళ్ల సీసా వంటగదిలో, పొయ్యి ఆవిరి తగిలే చోట పెట్టకండి. వానాకాలంలో పొడి ఇట్టే చెమ్మగిల్లుతుంది. పీల్చేముందే ఒకటి తీసి వెంటనే మూత బిగించాలి. ఆమెకు గ్లకోమా (నీటికాసులు) ఉండి టిమొలాల్ కంటిచుక్కలు వేస్తున్నారేమో కూడా చూడండి. ఆ చుక్కలు రక్తంలోకి చేరి ఊపిరిగొట్టాలను బిగదీస్తాయి. అలాంటప్పుడు తప్పు ఇన్‌హేలర్‌ది కాదు, కంటి డాక్టరుతో మాట్లాడి వేరే చుక్కలు రాయించాలి. ఆమె ఇంకా కట్టెల పొయ్యి ముందే కూర్చుంటుంటే మాత్రం, పైన చెప్పినవన్నీ సగం మేలే చేస్తాయి.

ప్రశ్న: అమ్మానాన్నల కోసం మంచి నెబ్యులైజర్ కొని పంపాలనుకుంటున్నాను. అప్పుడు ఇన్‌హేలర్ల గోల ఉండదు కదా?
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: ఉంటుంది. మిషన్ పెద్దది, శబ్దం చేస్తుంది, పొగలా ఆవిరి వస్తుంది కనుక బలమైనదని అనుకుంటాం. అందులో పోసే 2.5 మిల్లీగ్రాముల సాల్‌బుటమాల్ మందులో చాలా భాగం గాల్లోకీ, కప్పు గోడలకీ పోతుంది. ఆయాసం ఎక్కువైనప్పుడు కూడా స్పేసర్‌తో సరిగ్గా కొట్టిన పంపు దానికి ఏమీ తీసిపోదు. పరికరం పట్టుకోలేని, చెప్పింది అర్థం చేసుకోలేని వృద్ధులకు నెబ్యులైజర్ అవసరమే. పంపితే కప్పు, మాస్కు ప్రతిసారీ కడిగి ఆరబెట్టేవారు ఉండాలి. కుళాయి నీళ్లు, అమృతాంజనం, నీలగిరి తైలం అందులో వేయకూడదు. ఆ డబ్బుతో రెండు స్పేసర్లు కొని, వీడియో కాల్‌లో వాళ్లు పీల్చడం నెలకోసారి మీరు చూడటం మేలు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఆస్తమా. సంబంధాలు చూస్తున్నారు. ఇన్‌హేలర్ ఎవరి కంటా పడకూడదని, స్టెరాయిడ్ అలవాటైతే పిల్లలు పుట్టరని అమ్మ ఆపించేసింది. అవసరమైతే నీలం పంపు ఒక్కటే కొట్టుకుంటున్నాను.
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆస్తమాకు మూలం గొట్టాల్లోని వాపు. నీలం పంపు వాపును తగ్గించదు, బిగుసుకున్న గొట్టాన్ని కాసేపు వదులుస్తుందంతే. అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలైన ‘జినా’ 2019 నుంచే పెద్దవాళ్లకు నీలం పంపు ఒక్కదానితో నెట్టుకురావద్దని చెబుతున్నాయి.

అమ్మగారికి లెక్క చూపించండి. పీల్చే స్టెరాయిడ్ అయిన బుడెసొనైడ్ రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు వాడితే చాలామందికి ఆస్తమా అదుపులో ఉంటుంది. అది మానేసి ఒక్కసారి ఆయాసం ముదిరితే ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు, అదీ ఐదు రోజులు. రెండు వేర్వేరు మందులు కాబట్టి అంకెకు అంకె సరిపోవు, కానీ ఒంటికి ఎక్కువ స్టెరాయిడ్ ఎటు నుంచి వెళ్తుందో తెలుస్తుంది. ఇది అలవాటయ్యే మందు కాదు, పిల్లలు పుట్టకుండా చేసేదీ కాదు. గర్భిణులకు కూడా బుడెసొనైడ్ కొనసాగిస్తారు, ఎందుకంటే తల్లికి ఊపిరాడకపోవడమే బిడ్డకు అసలు ప్రమాదం.

దాచుకోవాల్సిన పనీ లేదు. పొద్దున, రాత్రి పళ్లు తోముకునేముందు పీల్చండి. తర్వాత ఎలాగూ పుక్కిలిస్తారు కాబట్టి నోట్లో తెల్లపూత రాదు. పెళ్లివారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మేమైతే చెప్పమంటాం, అర్ధరాత్రి ఆయాసం వస్తే పక్కనున్నవారికి పంపు ఎక్కడుందో తెలియాలి.

ప్రశ్న: మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం వేయించుకున్నాను. ఇన్‌హేలర్ ఆపొచ్చా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆపకండి. నమ్మకం మీది, దాన్ని కాదనం. కానీ దాంతో ఆస్తమా పోతుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. ఆస్తమా కాలాన్ని బట్టి తనంతట తానే తగ్గి, మళ్లీ వచ్చే జబ్బు. తగ్గిన నెలల్లో మందు ఆపినవారే చలికాలంలో ఎమర్జెన్సీకి వస్తారు. మాట్లాడుతుంటేనే రొప్పు వచ్చే సీఓపీడీ రోగి బతికున్న కొర్రమీను పిల్లను మింగబోవడం మాత్రం ప్రమాదమే.

ప్రశ్న: ఖర్చు ఎక్కువని రెండు పఫ్‌ల బదులు ఒకటే కొడుతున్నాను. పంపు అయిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్లలో వేస్తే తేలుతుందంటారు, నిజమేనా?
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: నీళ్లలో వేయకండి. మందు అయిపోయాక కూడా లోపల గ్యాస్ మిగిలి ఉంటుంది. నొక్కితే ‘తుస్’మంటుంది కానీ మందు రాదు. వారాల తరబడి ఖాళీ పంపు కొట్టుకుని ‘పనిచేయట్లేదు’ అనేవారు ఇలాంటివారే. కౌంటరు ఉన్న పంపులో అంకె 20కి దిగగానే కొత్తది తెచ్చుకోండి. లేకపోతే లెక్కే దిక్కు. 120 పఫ్‌ల డబ్బా రోజుకు నాలుగు చొప్పున సరిగ్గా 30 రోజులు వస్తుంది. మొదలుపెట్టిన తేదీ, అయిపోయే తేదీ రెండూ ప్లాస్టిక్ తొడుగు మీద స్కెచ్‌పెన్‌తో రాయండి.

ఖర్చు కోసం పఫ్‌లు మీరే తగ్గించుకునే బదులు ఆ మాట డాక్టరుకు నేరుగా చెప్పండి. సాల్‌బుటమాల్, బుడెసొనైడ్, బుడెసొనైడ్–ఫార్మోటెరాల్, టయోట్రోపియం 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. బ్రాండు పేరు కాకుండా ఈ పేర్లతో రాయించుకుంటే జన ఔషధి దుకాణంలో అడిగి చూసుకోవచ్చు. అక్కడ దొరికే పరికరం మీరు వాడేదానికి భిన్నమైతే, పీల్చే పద్ధతి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.