దద్దుర్లు లెక్కపెట్టకు, ఊపిరి చూడు

చి. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. బాబుకి పల్లీలు పడవని డాక్టరుగారు తేల్చి చెప్పినప్పటి నుంచి నీకు కంటి మీద కునుకు లేదని మీ అమ్మ చెప్పింది. ఏది ఇంట్లో చూసుకోవచ్చు, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి అన్నదే కదా నీ దిగులు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

దద్దుర్లు ఎన్ని ఉన్నాయో చూసి బెంబేలు పడకు. ఒళ్ళంతా దద్దుర్లు లేచినా వాడు ఎప్పటిలా మాట్లాడుతూ, ఆడుకుంటూ, తేలిగ్గా ఊపిరి తీసుకుంటుంటే జబ్బు చర్మం దగ్గరే ఉందని అర్థం. దద్దుర్లు రెండే ఉన్నా, దగ్గు ఆగకుండా వస్తుంటే అది ప్రాణం మీదికొచ్చే సంగతి. అసలు దద్దుర్లే లేకుండా కూడా పెద్ద అలెర్జీ రావచ్చు. అందుకని చర్మం, ఊపిరి, కడుపు, రక్తప్రసరణ, ఈ నాలుగూ చూడు. చొక్కా విప్పి వీపు, తొడలు కూడా చూడు.

దురద, దద్దుర్లు, పెదవో కనురెప్పో వాచడం, నోట్లో జివజివలాడటం, తుమ్ములు వరకే అయితే చిన్నది. డాక్టరుగారు రాసిచ్చిన సెట్రిజిన్ సిరప్ వాడి బరువుకి చెప్పిన మోతాదులో వెయ్యి. చల్లటి తడిగుడ్డ అద్దు. గొంగళితో రుద్దడం, వేణ్ణీళ్ళు పొయ్యడం వద్దు, వేడికీ రాపిడికీ దద్దుర్లు ఇంకా లేస్తాయి. పైత్యమని చెప్పి మజ్జిగో చింతపండు రసమో పట్టడమూ వద్దు. మందు వేశాక పడుకోబెట్టి నీ పనిలో పడిపోకు. పల్లీల అలెర్జీ ఎక్కువగా నిమిషాల్లోనే మొదలై, 2 గంటల లోపు బయటపడుతుంది. ఆ 2 గంటలూ వాడి పక్కనే ఉండు, ముఖం నీకు కనపడాలి.

ఇప్పుడు చెప్పేవి మాత్రం నోటికి వచ్చేలా చదువుకో. గొంతు బొంగురుపోవడం, మాట మారడం, చొంగ మింగలేకపోవడం, నాలుక వాయడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోవడం, ముఖం తెల్లబడటం, ఒళ్ళు తోటకూర కాడలా వేలాడిపోవడం, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి మత్తుగా పడుకోవడం. పల్లీ తగిలాక వీటిలో ఒక్కటి కనిపించినా చాలు. దద్దుర్లతో పాటు వాంతులో కడుపునొప్పో మళ్ళీ మళ్ళీ వస్తున్నా ఇదే లెక్క. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. చిన్నపిల్లలకి 'గొంతు పట్టేస్తోంది' అని చెప్పడం రాదు. నాలుక గీరుకుంటారు, గొంతు పట్టుకుంటారు, ఊరికే ఏడుస్తారు.

అప్పుడు దీనికి మందు అడ్రినలిన్ ఒక్కటే. చాలామంది ఇక్కడే పొరబడతారు, అవిల్ సూది వేయించి 'తగ్గుతుందిలే' అని కూర్చుంటారు. అవిల్, సెట్రిజిన్ దురదని తగ్గిస్తాయి, పని మొదలవడానికే అరగంట పైన పడుతుంది. మూసుకుపోతున్న గొంతుని అవి తెరవలేవు, పడిపోయిన బీపీని లేపలేవు. స్టెరాయిడ్ సూదికి గంటలు పడుతుంది.

అడ్రినలిన్ ఇంట్లో ఉంచుకోవాలా అన్నది డాక్టరుగారితో తేల్చుకో. మన దగ్గర పెన్నులా ఉండే సూది తేలిగ్గా దొరకదు, 1 మి.లీ.కి 1 మి.గ్రా. ఉండే గాజు ఆంప్యూలే వాడతారు. కిలో బరువుకి 0.01 మి.లీ. చొప్పున, 15 కిలోల మీ బాబుకి 0.15 మి.లీ. తొడ మధ్యలో, బయటి పక్క కండలోకి వేస్తారు. ఎలా వెయ్యాలో నర్సమ్మ దగ్గర చేతితో చేసి నేర్చుకుంటేనే ఇంట్లో పెట్టుకో. 1 మి.లీ. సిరంజి వాడాలి. ఇన్సులిన్ సిరంజి పనికిరాదు, దాని గీతలు యూనిట్లలో ఉంటాయి, సూది పొట్టిది కాబట్టి కండలోకి దిగదు. ఆంప్యూల్‌ని ఎండకీ వేడికీ దూరంగా అట్టపెట్టెలోనే ఉంచు. మందు రంగు మారితే పారేసి కొత్తది కొను. 5 నిమిషాల్లో తేరుకోకపోతే రెండో మోతాదు అవసరమవుతుంది, కాబట్టి రెండు ఆంప్యూల్స్ ఉండాలి.

సూది వేసిన వెంటనే, అది లేకపోతే లక్షణం కనిపించిన వెంటనే 108కి ఫోన్ చెయ్యి. వాడిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టు. ఆయాసపడుతుంటే కూర్చోబెట్టు, వాంతి వస్తుంటే పక్కకి తిప్పు. ఎత్తుకుని నిలబెట్టొద్దు, నడిపించొద్దు. బీపీ పడిపోయిన మనిషిని ఉన్నట్టుండి లేపితే గుండె ఆగిపోవచ్చు. సూదితో తేరుకున్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. అన్నీ సర్దుకున్నాక కొన్ని గంటలకి అదే మళ్ళీ తిరగబెట్టవచ్చు, అందుకే కనీసం 6 గంటలు అక్కడే ఉంచమని అడుగు.

వంటింటి సంగతి. పులిహోర పోపులో, గుత్తివంకాయ కూరలో, చిక్కీలో పల్లీలు ఉంటాయని నీకు తెలుసు. కనపడకుండా వచ్చేవే ప్రమాదం. పల్లీ చట్నీ తిప్పిన మిక్సీ జార్ కడిగినా బ్లేడు కింద పొడి మిగులుతుంది, బాబుకి వేరే జార్ పెట్టు. పల్లీలు వేయించిన నూనెలో వాడికి ఏమీ వేయించొద్దు. టిఫిన్ సెంటర్లో చట్నీ గరిటే సాంబారులోనూ తిరుగుతుంది. గానుగ వేరుశెనగ నూనెలో పల్లీ ప్రోటీన్ ఉంటుంది, దాన్ని ఇంట్లోంచి తీసెయ్యి.

అన్నిటినీ అలెర్జీ ఖాతాలో వెయ్యకు. పాలు తాగాక కడుపుబ్బరం, విరేచనాలు మాత్రమే అయితే అది చాలావరకు పాలలో చక్కెర అరగకపోవడం. కానీ కొత్త మందు మొదలెట్టిన కొన్ని రోజులకో వారాలకో జ్వరంతో పాటు నోట్లో పుండ్లు, ఎర్రటి కళ్ళు, చర్మం పొక్కి ఊడటం కనిపిస్తే అది వేరే పెద్ద జబ్బు. ఆ మందు ఆపేసి అదే రోజు పెద్దాస్పత్రికి తీసుకెళ్ళు.

బడిలో ఇవ్వడానికి ఒక కాగితం రాయి. వాడి పేరు, ఫోటో, బరువు, పల్లీలు పడవన్న మాట, నేను పైన రాసిన ప్రమాద లక్షణాలు, 108, నీ నంబరు, అల్లుడుగారి నంబరు. డాక్టరుగారి సంతకం పెట్టించి ఒకటి క్లాసు టీచరుకి, ఒకటి ఆయమ్మకి, ఒకటి బస్సు డ్రైవరుకి ఇవ్వు. బరువు పెరిగినప్పుడల్లా మార్చి రాయించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ