అన్నడా, చెప్పిండా?

సందేహం: మా బడి పిల్లలు ‘హీ సెడ్ మీ’ అని రాస్తున్నరు. ‘సే’ అయినా ‘టెల్’ అయినా చెప్పడమే కదా. తెలుగులో ఒకే మాట ఉన్నప్పుడు తేడా ఎట్ల నేర్పాలి?
– ఒక టీచరు, దేవరకొండ

సమాధానం: ఒకటి కాదండీ, మనకు రెండున్నాయి: ‘అను’, ‘చెప్పు’. ‘సే’, ‘టెల్’ రెండింటికీ ‘చెప్పు’ అనే అర్థమే నేర్పితే ‘అను’ పక్కన పడిపోతుంది.

పిల్లలు ఇంట్లో మాట్లాడే తీరే చూడండి. ‘రేపొస్తనన్నడు’, ‘రేపొస్తనని నాకు చెప్పిండు’. మొదటిదానిలో ముఖ్యం ఆయన నోట వచ్చిన మాట. ఎవరితో అన్నాడో లేకున్నా వాక్యానికి లోటు లేదు. చెప్పడమంటే ఎవరికో ఒకరికి చెప్పడం. ‘సే’, ‘టెల్’ మధ్య తేడా చాలావరకు ఇదే: ‘హీ సెడ్ హీ వుడ్ కమ్’, ‘హీ టోల్డ్ మీ హీ వుడ్ కమ్’. ‘సే’ తర్వాత వినేవారిని తేవాలంటే ‘టు’ కావాలి, మనం ‘నాతో అన్నడు’లో ‘తో’ చేర్చినట్టు. ‘టెల్’కు అది అక్కర్లేదు; ‘టోల్డ్ టు మీ’ తప్పు.

ఎదుటివారి మాటను ఉన్నదున్నట్టు చూపడానికి ‘అను’ మనకు ఎంత పాతదో! భారతంలో ఒకరి మాట ముగిసిన చోట ‘అనిన విని’ అని ఎన్నిసార్లు వస్తుందో చూడండి. ఇంగ్లీషులో అక్కడ ‘సెడ్’ నప్పుతుంది. కథ, నిజం, అబద్ధం మాత్రం రెండు భాషల్లోనూ చెప్పేవే. ఒగ్గువాళ్లు మల్లన్న కథ చెప్తారు, అనరు. వాటికి ‘టెల్’.

ఇక ‘సెడ్ మీ’ని తెలుగులోకి తెస్తే ‘నన్ను అన్నడు’ అవుతుంది. అంటే తిట్టాడని! ‘నన్నెందుకంటున్నవ్?’ అని అలిగే పిల్లలకు ఈ సంగతి చెబితే తప్పు చప్పున పట్టుకుంటారు.

అయితే ఒక చిక్కుంది. ‘సారు నన్ను రమ్మన్నడు’ అంటాం. ఇక్కడ ‘అను’ ఉంది, ‘నన్ను’ ఉంది, తిట్టు లేదు. పని చేయమనే ఈ వాక్యాలకు ఇంగ్లీషులో ‘టెల్’ కావాలి: ‘సర్ టోల్డ్ మీ టు కమ్’. ‘సెడ్ మీ’ పుట్టేది ఎక్కువగా ఇక్కడేనని నా అభిప్రాయం. పిల్లలు ‘నన్ను రమ్మన్నడు’ను మాటకు మాట మార్చి ‘సెడ్ మీ టు కమ్’ అంటున్నారు. అందుకే పొమ్మన్నడు, తినమన్నది, రాయమన్నరు వంటివాటిని విడిగా తీసి, ‘టోల్డ్’తోనే కొన్నాళ్లు రాయించండి. ‘అన్నడు’, ‘చెప్పిండు’ జంటను ఆ తర్వాత ఎత్తుకోండి.