పట్టికలో పట్టిక పెడితే గళ్లు ఎందుకు సాగుతాయి?

ప్రశ్న: వర్డ్‌లో ఏడో తరగతి తెలుగు ప్రశ్నపత్రం చేస్తున్నాను. పెద్ద పట్టికలో సంఖ్య, ప్రశ్న, మార్కులు అని మూడు కాలమ్స్ ఉన్నాయి. ‘జతపరచండి’ కోసం మధ్య గడిలో ఇంకో చిన్న పట్టిక పెట్టాను. అందులో టైపు చేస్తుంటే మధ్య కాలమ్ ఉబ్బిపోయి, మార్కుల కాలమ్ పేజీ అంచుకు జరుగుతోంది. మౌసుతో సరిచేసినా మళ్లీ అంతే. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: మౌసు పక్కన పెట్టండి, దానితో ఇది తెమలదు. వర్డ్ పట్టికల్లో ‘ఆటోమేటికల్లీ రీసైజ్ టు ఫిట్ కంటెంట్స్’ (రాసినదానికి తగ్గట్టు గడి సాగడం) అనే టిక్ మామూలుగా పెట్టే ఉంటుంది. వాక్యం ఎంత పొడవున్నా కింది లైనులోకి దిగుతుంది గానీ, మధ్యలో ఖాళీ లేని పొడవాటి మాట దిగదు. ‘సకలకళావల్లభుడు’ లాంటి సమాసం ఇరుకు గడిలో పడితే గడే సాగుతుంది. జవాబు రాయడానికి వరసగా కొట్టే అండర్‌స్కోర్‌లదీ ఇదే తీరు. ఇరవై కొట్టినా వర్డ్ లెక్కలో అది ఒకే మాట. లోపలి పట్టిక సాగితే దాన్ని మోస్తున్న బయటి గడీ సాగుతుంది. అందుకే రెండు పట్టికలకూ ఆ టిక్ తీయాలి, అదీ బయటిదానితో మొదలుపెట్టి.

కర్సర్‌ను మార్కుల గడిలో ఉంచండి. చిన్న పట్టికలో ఉంటే మార్పులు దానికే వర్తిస్తాయి; ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. టేబుల్ డిజైన్ పక్కన కనిపించే లేఅవుట్ ట్యాబ్‌లో ఆటోఫిట్ నొక్కి ‘ఫిక్స్‌డ్ కాలమ్ విడ్త్’ ఎంచుకోండి. తర్వాత టేబుల్ ప్రాపర్టీస్ తెరిచి, టేబుల్ ట్యాబ్‌లోని ఆప్షన్స్‌లో ఆ టిక్ పోయిందో లేదో చూసుకోండి. ఇక కాలమ్ ట్యాబ్‌లో ఒక్కో కాలమ్‌కు కొలత ఇవ్వండి. ఏ4 కాగితం వెడల్పు 21 సెం.మీ.; రెండు వైపులా 2.54 చొప్పున మార్జిన్ పోతే మిగిలేది 15.92. సంఖ్యకు 1.5, ప్రశ్నకు 12.5, మార్కులకు 1.92 ఇస్తే లెక్క సరిపోతుంది. కొలతలు అంగుళాల్లో కనిపిస్తుంటే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే విభాగంలో సెంటీమీటర్లకు మార్చుకోండి.

ఇప్పుడు చిన్న పట్టికలోకి వెళ్లి అదే ఆటోఫిట్ మార్పు చేయండి. కొలతలు ఇచ్చేటప్పుడు మాత్రం పూర్తి 12.5 వాడకండి. ప్రతి గడికీ లోపల ఎడమ, కుడి 0.19 సెం.మీ. చొప్పున ఖాళీ ఉంటుంది. 12.5లో 0.38 పోతే చేతిలో ఉండేది 12.12. ‘జతపరచండి’ పట్టికకు నాలుగు కాలమ్స్ అనుకుంటే, అంకెల కాలమ్స్ రెండింటికీ 1 చొప్పున, మాటల కాలమ్స్ రెండింటికీ 5.06 చొప్పున ఇవ్వండి. ఆ 0.38 కూడా కావాలంటే, బయటి మధ్య గడిలో కర్సర్ ఉంచి, టేబుల్ ప్రాపర్టీస్‌లో సెల్ ట్యాబ్, ఆప్షన్స్ తెరిచి, ‘సేమ్ యాజ్ ద హోల్ టేబుల్’ టిక్ తీసి ఎడమ, కుడి సున్నా చేయండి. అయితే ఆ గడిలో మామూలు ప్రశ్న కూడా ఉంటే అక్షరాలు గీతకు అతుక్కుంటాయి. నన్నడిగితే 12.12తోనే సర్దుకోవడం నయం.

ఒక చిక్కు మిగులుతుంది. కొలతలు బిగించాక పట్టని మాటను వర్డ్ నడిమధ్య విరిచి కింది లైనులోకి తోస్తుంది. సమాసం అలా తెగితే పిల్లలు చదవలేరు. ఆ కాలమ్‌లో అక్షరాల సైజు ఒక పాయింటు తగ్గించండి. ఖాళీ గీతలకు అండర్‌స్కోర్‌లు మానేసి గడి కింది అంచుకు బోర్డర్ పెట్టుకుంటే అసలు గొడవే ఉండదు.

చిన్న పట్టిక కింద చెరిపినా పోని ఖాళీ లైను కనిపిస్తుంది. గడి ఎప్పుడూ పేరాతోనే ముగియాలన్నది వర్డ్ నియమం, కాబట్టి అది పోదు. దాని ఫాంట్ సైజు 1కి, లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ 1 పాయింటుకు తగ్గిస్తే కంటికి ఆనదు.

ప్రింటుకు జిరాక్స్ షాపుకు వెళ్తుంటే పీడీఎఫ్ చేసుకుని వెళ్లండి. అక్కడ మీ ఫాంట్ లేకపోతే వేరేది వచ్చి లైన్లు మారిపోతాయి.

ప్రశ్న: లిబ్రేఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) లోపలి పట్టికకు వెడల్పు ఇద్దామంటే ఆ పెట్టె బూడిద రంగులో ఉంది, అంకె పడటం లేదు.
– ఒక డీటీపీ ఆపరేటర్, ఖమ్మం

జవాబు: టేబుల్ ప్రాపర్టీస్‌లో అలైన్‌మెంట్ ‘ఆటోమేటిక్’ మీద ఉంది. అలా ఉన్నంతసేపూ పట్టిక గడి నిండా పరుచుకుంటుంది, మీ మాట వినదు. ‘లెఫ్ట్’ చేయండి, పెట్టె తెరుచుకుంటుంది. తర్వాత కాలమ్స్ ట్యాబ్‌లో కొలతలు ఇవ్వండి. ఒక కాలమ్ పెంచితే పక్కది తగ్గకుండా పట్టికే పెరగాలంటే ‘అడాప్ట్ టేబుల్ విడ్త్’ టిక్ పెట్టండి. సన్నటి సవరణలకు ఆల్ట్ నొక్కి బాణం మీటలు చాలు. రైటర్‌లో ఒక సుఖం ఉంది: మాట పెద్దదైందని కాలమ్ తనంతట తాను సాగదు.

ప్రశ్న: వర్డ్ పట్టికలో కాలమ్ గీత లాగితే ఒక్క వరుసలోనే జరిగింది. మిగతా వరుసలు కదల్లేదు.
– ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: లాగే ముందు ఆ గడి సెలెక్ట్ అయి ఉంది. కంట్రోల్ జెడ్ కొట్టి, ఊరికే ఎక్కడైనా క్లిక్ చేసి సెలెక్షన్ తీసేశాక లాగండి. ఆల్ట్ పట్టుకుని లాగితే రూలర్ మీద కొలత కూడా కనిపిస్తుంది.