కొలువు ప్రశ్నలు: ప్రొడక్ట్ కంపెనీల ఇంటర్వ్యూలకు సన్నద్ధత

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక సర్వీసు కంపెనీలో నాలుగేళ్లుగా జావా అప్లికేషన్ల సపోర్ట్ పని చూస్తున్నాను. సొంత సాఫ్ట్‌వేర్ తయారు చేసే ప్రొడక్ట్ కంపెనీకి మారాలన్న ఉద్దేశంతో ఆన్‌లైన్‌లో మూడు వందలకు పైగా కోడింగ్ ప్రాబ్లమ్స్ చేశాను. అయినా తెలిసిన ప్రశ్ననే ఇంటర్వ్యూలో కాస్త మార్చి అడిగితే ముందుకు సాగలేకపోతున్నాను. ఇంకా ఎన్ని చేయాలి? పెద్ద వ్యవస్థలకు రూపకల్పన చేసే సిస్టం డిజైన్ కూడా చదవాలా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీరు చేసినవి చాలు. ఇకపై కొత్తవి చేర్చుకోవడం ఆపి, చేసినవాటిలోంచి ముప్పయ్యో నలభయ్యో ఎంచుకుని, వాటిని మళ్లీ మొదటి నుంచి విప్పి చూడమని నా సలహా. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీకు పరిష్కారాలు గుర్తున్నాయి గానీ వాటికి దారితీసిన కారణాలు గుర్తులేవనిపిస్తోంది. ఇంటర్వ్యూ చేసే ఇంజినీరు ప్రశ్నను మార్చి అడిగేది ఆ తేడా తెలుసుకోవడానికే.

ఏ అక్షరమూ రెండోసారి రాని అతి పొడవైన ముక్కను ఒక స్ట్రింగ్‌లో (అక్షరాల వరుసలో) కనుక్కోమనే ప్రశ్న మీరు తప్పక చేసే ఉంటారు. ప్రతి ఆరంభ స్థానాన్నీ దాని తర్వాతి ప్రతి ముగింపు స్థానంతో జతపరిచి చూస్తే, స్ట్రింగ్ పొడవు లక్ష ఉన్నప్పుడు ఆ జతలే సుమారు 500 కోట్లవుతాయి. మామూలు కంప్యూటర్ సెకనుకు 10 కోట్ల చిన్న పనులు చేస్తుందని స్థూలంగా అంచనా వేసుకున్నా, ఈ పద్ధతి నిలవదని కోడ్ రాయకముందే చెప్పవచ్చు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఒక ముక్కలో ఏదైనా అక్షరం రెండుసార్లు వచ్చాక దాన్ని కుడివైపు ఎంత పొడిగించినా ఆ దోషం పోదు. అందువల్ల మనం చూస్తున్న ముక్కకు (దీన్నే విండో అంటారు) ఎడమ అంచును ముందుకు జరపడమే తప్ప వెనక్కి తేవలసిన అవసరం ఎన్నడూ రాదు; ప్రతి అక్షరమూ విండోలోకి ఒకసారి వస్తుంది, మహా అయితే ఒకసారి బయటికి పోతుంది కనుక పనంతా రెండు లక్షల అడుగులకు మించదు. ఈ కారణాన్ని మీ సొంత మాటల్లో చెప్పగలిగితే, రెండు రకాల అక్షరాలకు మించని పొడవైన ముక్కను కనుక్కోమన్నా మీరు తడబడరు, ఎందుకంటే అక్కడ మారింది విండోను కుదించే షరతు ఒక్కటే. అదే, ఒక అర్రేలో (సంఖ్యల వరుసలో) పక్కపక్కన ఉన్న కొన్ని సంఖ్యల మొత్తం ఫలానా సంఖ్యకు సమానం కావాలని, వాటిలో రుణ సంఖ్యలు కూడా ఉంటాయని అడిగారనుకోండి. పొడిగిస్తే మొత్తం పెరగవచ్చు, తగ్గనూవచ్చు. అంటే ఇలా విండోను జరుపుకుంటూ పోయే స్లైడింగ్ విండో పద్ధతికి ఆధారమైన సూత్రమే అక్కడ లేదు కనుక, ప్రిఫిక్స్ మొత్తాలను, అంటే మొదటి నుంచి ప్రతి స్థానం వరకు వచ్చే కూడికలను, హాష్ మ్యాప్‌లో (విలువను వెంటనే వెతికి తీసే పట్టికలో) దాచుకునే మార్గం పట్టాలని మీకే తోస్తుంది. మీరు ఎంచుకున్న ప్రతి ప్రాబ్లమ్‌లోనూ ఇలా ఒక్కో షరతును మార్చి, పాత పద్ధతి ఎందుకు నిలిచిందో, ఎందుకు కూలిందో నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాయండి.

తేలికగా కనిపించే వాటిని కూడా వదలకండి. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌ను (క్రమంలో ఉన్న జాబితాను ప్రతిసారీ సగం చేస్తూ వెతికే పద్ధతిని) రాసిన జాషువా బ్లాక్ స్వయంగా 2006లో ఆ కోడ్‌లో దాదాపు తొమ్మిదేళ్లుగా దాగి ఉన్న ఒక లోపాన్ని బయటపెట్టారు. మధ్య స్థానం కోసం, వెతికే భాగపు కింది, పై సూచికలను (స్థానాల సంఖ్యలను) ముందు కూడి తర్వాత రెండుతో భాగిస్తే, అర్రే చాలా పెద్దదైనప్పుడు ఆ కూడిక జావా పూర్ణసంఖ్యకు (int) గరిష్ఠ పరిమితి అయిన 2,14,74,83,647ను దాటిపోయి రుణ సంఖ్యగా మారుతుంది. రెండింటి తేడాలో సగాన్ని కింది సూచికకు కలిపితే ఆ ప్రమాదం ఉండదు. మీరు జావాలోనే పని చేస్తున్నారు కాబట్టి, ఈ కోడ్ ఎప్పుడు విఫలమవుతుందని అడిగినప్పుడు ఇలాంటి సమాధానం మీ నోట వెంటనే రావాలి.

సిస్టం డిజైన్ విషయానికి వస్తే, నాలుగేళ్ల అనుభవం ఉన్నవారిని చాలా కంపెనీలు ఆ రౌండ్‌కు పిలుస్తాయి. పెద్ద యూఆర్ఎల్‌లను చిన్నవిగా మార్చే సేవతో మొదలుపెట్టండి. చిన్న, పెద్ద ఇంగ్లీషు అక్షరాలూ పది అంకెలూ కలిపి 62 గుర్తులున్నాయి కనుక, ఏడు గుర్తుల కోడ్‌తో సుమారు 3.5 లక్షల కోట్ల లింకులకు చోటుంటుంది. ఆ లెక్క వేశాక, ఒకే కోడ్ రెండు లింకులకు వెళ్లకుండా ఎలా ఆపుతారు, రాసేవారి కంటే చదివేవారు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి క్యాష్‌ను (తరచూ అడిగే సమాచారాన్ని దగ్గరగా ఉంచే తాత్కాలిక నిల్వను) ఎక్కడ పెడతారు, డేటాబేస్ సర్వర్ ఒకటి పడిపోతే ఏమవుతుంది అన్నవాటిని ఒక్కొక్కటిగా తేల్చుకోండి. ఈ చివరి ప్రశ్న దగ్గర మీ సపోర్ట్ అనుభవం అక్కరకు వస్తుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో (జనం వాడుతున్న వ్యవస్థలో) తలెత్తిన సమస్యకు లాగ్‌లు (వ్యవస్థ నమోదు చేసుకునే రికార్డులు) చదివి మూలం పట్టుకున్న ఇంజినీరుకు వ్యవస్థలు ఎక్కడ తెగుతాయో తెలుసు. సపోర్ట్ పని చేశామని చెప్పుకోవడానికి మనవాళ్లు ఎందుకో సంకోచిస్తారు. దయచేసి మీరు అలా చేయకండి. అటువంటి రెండు మూడు సంఘటనలను, జట్టు ఏం చేసిందో వేరుగా, మీరు స్వయంగా ఏం నిర్ణయించారో వేరుగా రాసి పెట్టుకోండి. అమెజాన్ వంటి సంస్థ తన 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్‌ను బహిరంగంగానే ప్రకటించింది, ఇంటర్వ్యూలో వాటి చుట్టూ ప్రశ్నలు వేస్తుంది కూడా. వాటిని ఒకసారి చదివి, మీ సంఘటనల్లో ఏది దేనికి సరిపోతుందో చూసుకోండి.

ప్రశ్న: నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. కోడ్ రాయగలను గానీ, ఆలోచిస్తూనే ఇంగ్లీషులో వివరించమంటే మాట ఆగిపోతోంది.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: కోడింగ్ రౌండ్‌లో కావలసిన ఇంగ్లీషు మీరు భయపడుతున్నంత పెద్దది కాదమ్మా. ఇన్‌పుట్ ఖాళీగా ఉండవచ్చా, ఒకే విలువ మళ్లీ రావచ్చా, క్రమంలో ఉందా, ఎంత పెద్దది అని మొదట అడగాలి. తర్వాత సూటిగా తోచిన పద్ధతిని, దానికి పట్టే సమయాన్ని చెప్పాలి. ఆపై మెరుగైన పద్ధతిని చెప్పి, ఇంటర్వ్యూ చేసేవారు సరేనన్నాకే కోడ్ రాసి, చివరికి ఒక చిన్న ఉదాహరణను పెట్టి వరుస వరుసగా నడిపి చూపాలి. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఇంచుమించు ఇదే క్రమం కాబట్టి, ఇందుకు కావలసిన పాతిక ముప్పయి చిన్న వాక్యాలను మీరే రాసుకుని, పైకి పలికి అలవాటు చేసుకోవచ్చు. తెలుగులో ఆలోచించడం తప్పు కాదు. కాస్త మౌనంగా ఆలోచించుకోవాలనిపిస్తే ఒక్క నిమిషం ఇవ్వండని మర్యాదగా అడగండి. చెప్పకుండా మౌనంగా ఉండిపోతే మాత్రం మీరు ఎక్కడ ఆగారో ఎదుటివారికి తెలియదు, సాయం చేయాలన్నా చేయలేరు.

క్లాసులో మీలాగే సిద్ధమవుతున్న స్నేహితురాలితో వారానికి రెండుసార్లు, 45 నిమిషాలు గడియారం పెట్టుకుని, ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకోండి. పదాలను దానంతట అదే పూరించే ఎడిటర్ వద్దు, ఖాళీ డాక్యుమెంట్‌లో టైప్ చేయండి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే ఏ మలుపు దగ్గర ఆగుతున్నారో మీకే స్పష్టంగా వినిపిస్తుంది. భాష విషయానికొస్తే సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్‌లలో మీకు బాగా వచ్చినది ఒక్కటి చాలు.

ప్రశ్న: బీటెక్ అయ్యాక ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్నాను. రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వారు డబ్బు అడుగుతున్నారు. నాన్నగారు అప్పు చేసైనా కట్టమంటున్నారు. కట్టవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కట్టవద్దు. ఉద్యోగంలో చేరేటప్పుడు కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (పాత వివరాల పరిశీలన) చేయిస్తాయి. పీఎఫ్ ఖాతాదారుకు ఇచ్చే యూఏఎన్ నంబరు కింద మీరు ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పని చేశారో నమోదై ఉంటుంది; జీతంపై కోసిన పన్ను వివరాలు ఆదాయపు పన్ను రికార్డుల్లో కనిపిస్తాయి. ఒకవేళ చేరే ముందు బయటపడకపోయినా, చేరాక ఎప్పుడు తెలిసినా ఉద్యోగం పోతుంది, నాన్నగారి అప్పు మాత్రం మిగులుతుంది. పైగా లేని రెండేళ్ల గురించి ఇంటర్వ్యూలో లోతుగా అడిగితే ఏ కాగితమూ మీ తరఫున మాట్లాడదు. ఈ విషయాన్ని ఇదే మాటల్లో నాన్నగారికి వివరించండి.

రెజ్యూమెలో ఆ ఏడాదిన్నరను దాచకుండా, ఆ కాలంలో నేర్చుకున్నదాన్నీ చేసినదాన్నీ తేదీలతో రాయండి. మీ ఊళ్లోని మందుల షాపుకో ఎరువుల దుకాణానికో స్టాకు లెక్క చూసే చిన్న అప్లికేషన్ తయారు చేసి, వారు నిజంగా రోజూ వాడేలా చేయగలిగితే, వాడేవారు చెప్పిన ఇబ్బందులను బట్టి మీరు ఏమేం మార్చారో చెప్పడానికి ఇంటర్వ్యూలో మీకు సొంత విషయం ఉంటుంది. కాలేజీ సీనియర్లలో ప్రొడక్ట్ కంపెనీల్లో ఉన్నవారికి ఆ కోడ్ లింకుతో పాటు మీరు దరఖాస్తు చేయదలచిన ఉద్యోగం నంబరును కూడా పంపి, రెఫరల్ ఇవ్వగలరా అని సూటిగా అడగండి.