బెంగళూరు బాల్కనీలో జపనీస్ మేపుల్: ఆకు అంచులు మాడుతున్నాయి, ఎరుపు రావట్లేదు

మీ ప్రశ్న ఇది: పడమటి బాల్కనీలో కుండీలో పెంచుతూ బోరు నీళ్లు పోస్తున్న జపనీస్ మేపుల్ (చలి ప్రాంతాల్లో శరదృతువులో ఆకులు ఎర్రబడే చెట్టు) ఆకుల అంచులు మాడుతున్నాయి, కుండీ అంచున తెల్లటి పొర కట్టింది, టొరంటోలోని చెల్లెలి చెట్టులా ఎర్రబడట్లేదు, ఎందుకు? అంచులు మాడటం తెగులు కాకపోవచ్చు, బోరు నీళ్లలోని ఉప్పు మీదే నా అనుమానం. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందన్నారు కదా, అదే గుర్తు. పడమటి బాల్కనీ కాబట్టి మిగతా పని మధ్యాహ్నపు ఎండ చేస్తోంది. తెగులు మందు చల్లకండి.

1. ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: మట్టిలోని ఉప్పును కడిగేయాలి. వాన నీళ్లు గానీ, ఆర్‌ఓ శుద్ధి చేసిన నీళ్లు గానీ కుండీ పరిమాణానికి రెండింతలు మెల్లగా పోయండి. అడుగు రంధ్రంలోంచి ధారగా కారాలి. ఆర్‌ఓ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. పళ్లెంలో నిలిచినవి వెంటనే పారబోయండి, లేదంటే మట్టి మళ్లీ పీల్చుకుంటుంది. నెలకోసారి ఇలా చేస్తే చాలు.

3. కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చేదాకా ఎరువు ఆపండి. మాడిన ఆకులు ఎలాగూ కోలుకోవు.

ఇక ఎరుపు. టొరంటోలోని మీ చెల్లెలి చెట్టుతో పోల్చుకుని టెన్షన్ పడకండి. అక్కడ శరదృతువులో పగళ్లు కురచై, రాత్రిళ్లు చల్లబడి, ఆకుల్లో పచ్చదనం తగ్గేటప్పుడు ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగు తయారవుతుంది. మనకు డిసెంబరులో కూడా రాత్రి 15 డిగ్రీల దగ్గరే. మేపుల్‌కు కావాల్సిన చలి నిద్ర (చలికాలంలో ఎదుగుదల ఆపి తీసుకునే విశ్రాంతి) ఇక్కడ దొరకదు, ఏటికేడు నీరసిస్తుంది కూడా. కుండీలో ఎర్రాకులే కావాలంటే ఎకలిఫా అనే పొద మొక్క పెట్టండి, దానికి ఎండ బాగా కావాలి కాబట్టి ఆ పడమటి బాల్కనీయే సరిపోతుంది.